నొచ్చే చెయ్యి, మెచ్చే కవి

రెక్కాడితేగాని డొక్కాడదన్న సామెతను మన అభ్యుదయ సాహిత్యం వాడుకున్నంతగా మరే సామెతనూ వాడుకొని వుండదు. కథల్లో వాడుకున్నాం, గేయాల్లో వాడుకున్నాం, సభల్లో తీర్మానాలకు ముందుమాటగా వాడుకున్నాం. అయితే ఆ సామెతలో ఒక షరతు వుంది. రెక్క ఆడాలి. ఆడుతూ ఆడుతూ ఒకనాటికి ఆ రెక్కే మొరాయిస్తే? తెగకుండా, విరగకుండా, పైకి ఏ గాయమూ కనిపించకుండా, కేవలం ఆడినందువల్లనే ఆడలేని స్థితికి వస్తే, అప్పుడు డొక్క సంగతేమిటి? ఈ ప్రశ్నకు మన సాహిత్యంలో జవాబు లేదు. జవాబు లేకపోతే పోయింది, ప్రశ్న కూడా లేదు.

మన కవుల దృష్టిలో శ్రామికుని చెయ్యి అంటే పిడికిలి. అది ఎత్తినది ఎత్తినట్టే వుంటుంది. దించే అవసరం దానికి రాదు. కొండలను పిండి చేస్తుంది, నదులకు కట్టలు కడుతుంది, సింహాసనాలను కూలదోస్తుంది. పత్రికల అట్టల మీద బొమ్మలు వేసే చిత్రకారులు కూడా కండలు తిరిగి నరాలు ఉబ్బిన ముంజేతినే వేస్తారు. (ఉబ్బేవి రక్తనాళాలనీ, నొప్పి పుట్టే నరాలు వేరనీ వారికి తెలియకపోవటం క్షమించదగినదే.) ఆ ముంజేతి సొంతదారు రాత్రి రెండు గంటలకు మేలుకొని, మంచం మీద కూర్చుని, మొద్దుబారిన వేళ్ళను విదిలించుకుంటున్న బొమ్మ ఏ అట్ట మీదనైనా చూశామా?

ఇటీవల ఒక సాహిత్య సభలో ఈ ప్రస్తావన వచ్చింది. ఒక పెద్దమనిషి, పేరున్న విమర్శకుడే, లేచి, మణికట్టు నొప్పి అనేది కంప్యూటర్ల ముందు కూర్చునే మధ్యతరగతి వారి జబ్బనీ, దానిని కార్మిక సమస్యల సరసన నిలబెట్టటం అభ్యుదయ దృక్పథాన్ని పలుచన చేయటమేననీ సెలవిచ్చారు. సభలో కొందరు తలలు ఊపారు కూడా. ఆ అభిప్రాయం ఆయన ఒక్కరిదే అయితే ఇంత కాగితం ఖర్చు పెట్టవలసిన పని లేకపోయేది. మనలో చాలామందికి లోలోపల వున్న అభిప్రాయమే ఆయన పైకి అన్నారు. అందుకే దానిని పరిశీలించక తప్పదు.

పరిశీలనకు దూరం పోనక్కరలేదు. నేను పాఠాలు చెప్పే వూరు తాండూరు. వికారాబాదు జిల్లాలో, సికింద్రాబాదునుంచి వాడి జంక్షనుకు పోయే రైలు దారిలో వుంది. మరి కాస్త పడమరకు పోతే కర్ణాటక. ఇక్కడి నేల కింద సున్నపురాయి దొంతర పెట్టిన జొన్నరొట్టెల్లాగా పొరలు పొరలుగా వుంటుంది. తెలుగునాట ఇళ్ళలో, బడుల్లో, ఆఫీసుల్లో, రైలు స్టేషన్లలో పరిచిన నీలపు, పసుపు నాపరాళ్ళు ఎన్నో ఇక్కడినుంచి పోయినవే. సరిహద్దుకు అవతల వున్న షాబాదు పేరు మీద కూడా ఇదే జాతి రాయి చలామణీ అవుతుంది. ఈ వ్యాసం చదువుతున్న పాఠకుడు బహుశా ఆ బండల మీదనే కుర్చీ వేసుకుని కూర్చుని వుంటాడు.

ఆ బండ నునుపు ఎక్కడినుంచి వచ్చింది? గనిలో ఒకప్పుడు ఉలి, సుత్తె, గడ్డపార తప్ప మరో సాధనం లేదు. ఇప్పుడు రంపపు చక్రాలు తిరిగే కోత మిషన్లు వచ్చాయి. మిషను గీత కోస్తుంది. పొరను లేపటానికి, బండను ఎత్తటానికి, పేర్చటానికి ఇప్పటికీ చెయ్యే కావాలి. అక్కడినుంచి బండ పాలిషు యూనిట్‌కు వస్తుంది. నీళ్ళు కారుతూ వుంటే, గిర్రున తిరిగే పాలిషు రాయిని బండ మీద అదిమి పట్టి, ముందుకూ వెనక్కూ, కుడికీ ఎడమకూ నడుపుతూ పోవాలి. తిప్పేది కరెంటే, కాని అదిమేదీ నడిపేదీ మనిషి భుజం. ఆ కుదుపు పిడిలోనుంచి అరచేతికి, అరచేతిలోనుంచి మోచేతికి ఎక్కుతుంది. చేతులు పొద్దంతా తడిలోనే వుంటాయి. ఆ తర్వాత లారీకి ఎక్కించటం. బండకు పిడి వుండదు. అంచును వేళ్ళ కొసలతో పట్టుకుని బరువంతా ఆ కొసల మీదనే మోయాలి. ఒక బండ కాదు, రోజంతా.

కూలి చాలాచోట్ల అడుగుల లెక్క. ఎన్ని అడుగులు తేలితే అన్ని రూపాయలు. ఈ లెక్కను మన కథకులు దోపిడీకి ఒక ఉదాహరణగా చూపి వదిలేస్తారు. దాని తిరకాసు అంతకంటె లోతైనది. దినకూలి అయితే తొందరపెట్టటానికి మేస్త్రీ వెనక నిలబడి అరవాలి. అడుగుల లెక్కలో మేస్త్రీ అరవనక్కరలేదు. కార్మికుడు తన చేతికి తానే మేస్త్రీ. చెయ్యి నొచ్చి అరగంట ఆగితే అరగంట అన్నం పోతుంది. ఆగమని ఎవరూ చెప్పరు, ఆగవద్దని కూడా ఎవరూ చెప్పరు. ఇంతటి స్వేచ్ఛ మరే ఉద్యోగంలోనూ వుండదు!

నా విద్యార్థుల్లో కొందరి తండ్రులు ఈ పనిలో వున్నారు. వారిలో ఒకాయన నాతో అన్న మాటలు ఇవి: "మిషన్ మీద వున్నంతసేపు ఏం తెల్వది సార్, చెయ్యి మొద్దువారి వుంటది. రాత్రి పండుకున్నంక వేళ్ళల్ల చీమలు పారినట్టయితది. లేచి చెయ్యి దులుపుకుంటె తప్ప నిద్ర పట్టది." యజమానికి చెప్పావా అని అడిగితే నా అమాయకత్వానికి నవ్వాడు. "చెప్తె రేపటి సంది రానిస్తడా సార్?" మరి ఎలా నెట్టుకొస్తున్నావంటే, బలమంతా ఎడమ చేతి మీద వేస్తున్నానని చెప్పాడు. ఎవరూ చూడకుండా కుడిచేతికి గుడ్డ చుట్టుకుంటాడట.

ఎడమ చెయ్యి ఎంతకాలం ఆగుతుంది? దీనికి జవాబు మూడు వందల ఏళ్ళ కిందటనే పుస్తకానికెక్కింది. ఇటలీలో మోదెనా నగరపు వైద్యుడు బెర్నార్దినో రమజ్జీని వృత్తుల వల్ల వచ్చే వ్యాధుల మీద 1700లో ఒక గ్రంథం ప్రకటించాడు. 1713లో దానిని పెంచి, రాతగాళ్ళ, గుమాస్తాల వ్యాధులను గురించి కూడా రాశాడు. ఎప్పుడూ కూర్చునే వుండటం, చేతిని ఎడతెరిపి లేకుండా ఒకే తీరున కదిలించటం, తప్పు దొర్లకూడదని మనసును బిగబట్టటం, ఈ మూడూ కలిసి వారిని పీడిస్తున్నాయని చెప్పాడు. ఆయనకు తెలిసిన ఒక దస్తావేజుల లేఖరి జీవితమంతా రాసి రాసి కుడిచెయ్యి పడిపోగా ఎడమచేత్తో రాయటం నేర్చుకున్నాడట; కొంతకాలానికి ఎడమచేతికి కూడా అదే గతి పట్టిందట. రోగిని అడగవలసిన ప్రశ్నల్లో నీ వృత్తి ఏమిటన్నది కూడా చేర్చాలని వైద్యులకు చెప్పినవాడు ఈ రమజ్జీనియే. మన దవాఖానాల్లో చీటీ మీద వయసు రాస్తారు, బరువు రాస్తారు. వృత్తికి గడి వున్న చీటీ నేను చూడలేదు.

రమజ్జీని పేరు మన విమర్శకులకు కొత్త కాగూడదు. మార్క్సు కాపిటల్ మొదటి సంపుటంలో (1867) శ్రమవిభజనను చర్చిస్తూ, మనిషిని ముక్కలు చేసి ఒక్క కదలికకు కట్టిపడేసే పని ఎలాంటి వ్యాధులను పుట్టిస్తుందో చెప్పిన చోట అధోజ్ఞాపికలో ఈ రమజ్జీనినే ఉదహరించాడు. మార్క్సు పేరు లేకుండా పేజీ తిప్పని మన వారు అధోజ్ఞాపికల దాకా పోయినట్టు లేదు.

మరి కంప్యూటర్ల జబ్బు అన్న మాట ఎక్కడ నిలుస్తుంది? కంప్యూటరు పుట్టక ముందే, 1908లో, బ్రిటన్ తన నష్టపరిహార చట్టం కింద టెలిగ్రాఫు గుమాస్తాల చెయ్యి పట్టేయటాన్ని వృత్తి వ్యాధిగా అంగీకరించింది. అమెరికాలో ఇండియానా రాష్ట్రపు బెడ్‌ఫోర్డులో గాలి ఒత్తిడితో కొట్టుకునే సుత్తెలు పట్టిన రాతి పనివారి వేళ్ళు చలిలో తెల్లబడి, స్పర్శ తెలియకుండా పోవటాన్ని డాక్టరు ఆలిస్ హామిల్టన్ స్వయంగా పరిశీలించి రాసిన నివేదికను 1918లో అక్కడి ప్రభుత్వమే ప్రచురించింది. బెడ్‌ఫోర్డు రాయి కూడా సున్నపురాయే సుమా! చలి దేశంలో ఆ జబ్బు వేళ్ళ తెలుపుగా బయటపడింది. మన ఎండలో ఆ తెలుపు అంతగా కనిపించకపోవచ్చు. నరానికి తగిలే కుదుపుకు ఎండాకాలం సెలవు లేదు. 1980ల్లో ఆస్ట్రేలియాలో టైపిస్టులు, టెలిఫోను ఆపరేటర్లు, వారిలో ఎక్కువమంది స్త్రీలు, వేలకొద్దీ ఈ నొప్పితో బయటికి వచ్చినప్పుడు కొందరు వైద్యులు దానిని మూకుమ్మడి మనోవ్యాధి అన్నారు. అక్కడి డాక్టర్లు మనోవ్యాధి అన్నారు, ఇక్కడి విమర్శకులు మధ్యతరగతి జబ్బు అంటున్నారు. నొప్పి చెప్పుకున్న వారిని పక్కకు నెట్టటంలో ఇద్దరూ ఒక్కటే. కంప్యూటరు చేసినదల్లా ఈ నొప్పిని రాయగలిగిన వాళ్ళ ఇళ్ళలోకి తీసుకురావటం. అంతకు ముందు అది రాయలేని వాళ్ళ ఇళ్ళలో వుంది, ఇప్పటికీ వుంది.

జబ్బు సంగతి కాస్త వివరంగా తెలుసుకోవటం మంచిది, ఎందుకంటే ఇది బద్ధకానికి పెట్టిన పేరని నమ్మే వాళ్ళు చాలామంది వున్నారు. మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలు వున్నాయి. వాటి మీదుగా అడ్డంగా ఒక గట్టి పట్టీ. ఈ రెంటి మధ్య ఇరుకు సొరంగం. వేళ్ళను ముడిచే తొమ్మిది స్నాయువులు, వాటితోపాటు ఒక నరం ఆ సొరంగంలోనుంచే పోవాలి. ఒకే కదలికను బలంగా, కుదుపుతో, రోజూ వేలసార్లు చేస్తూ పోతే స్నాయువుల మీది పొరలు వాస్తాయి. సొరంగం పెరగదు గనుక నరం నలుగుతుంది. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కుతాయి, పట్టు సడలుతుంది, రాత్రిపూట బాధ ఎక్కువవుతుంది. ఇది ఒక రకం. బొటనవేలి మొదట్లో వచ్చేది మరొకటి, మోచేతి వెలుపల, భుజంలో వచ్చేవి ఇంకొన్ని. వీటినన్నింటినీ కలిపి ఇంగ్లీషులో రిపిటిటివ్ స్ట్రెయిన్ ఇంజురీ అంటున్నారు. తెలుగులో పండితులు సంస్కృత పదం ఒకటి తయారు చేసే లోపల, చెయ్యి పట్టేసిందని జనం అంటున్న మాట నాకు సరిపోతుంది. తొలిదశలో పని తీరు మార్చి, చేతికి సందు ఇస్తే చాలామందిలో తగ్గుతుంది. ముదిరిన తర్వాత శస్త్రచికిత్స చేసినా పోయిన పట్టు పూర్తిగా రాకపోవచ్చు. అంటే ఈ జబ్బులో అన్నిటికంటె విలువైన మందు సకాలంలో నోరు విప్పటం. ఉద్యోగం మొట్టమొదట నొక్కేది ఆ నోటినే.

ఇక చట్టం. చట్టానికి గాయం అంటే ఒక తేదీ, ఒక గంట, ఇద్దరు సాక్షులు కావాలి. బండ జారి బొటనవేలు పోతే దానికి 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం లెక్క కట్టి పెట్టింది: సంపాదన శక్తిలో నూటికి 30 వంతులు పోయినట్టు. అదే బొటనవేలు పోకుండా చేతికే వుండి, పదిహేనేళ్ళు పిడి పట్టినందువల్ల పనికి రాకుండా పోతే ఎన్ని వంతులు? దానికి తేదీ లేదు. పట్టికలో చేరని జబ్బుకు, అది ఫలానా ప్రమాదం వల్లనే నేరుగా వచ్చిందని రుజువు కాకపోతే పరిహారం లేదని ఆ చట్టం మూడవ సెక్షనే చెప్పింది. 1948 ఫ్యాక్టరీల చట్టం 29 వ్యాధుల పట్టిక ఇచ్చింది. సీసం, పాదరసం, సిలికోసిస్, చర్మవ్యాధులు, వినికిడి లోపం, అన్నీ వున్నాయి. చెయ్యి పట్టేయటం లేదు. 2020లో చేసి 2025 నవంబరు 21 నుంచి అమలులోకి తెచ్చిన కొత్త కార్మిక స్మృతులు ఈ పట్టికల పద్ధతినే కొనసాగించాయి. అంతర్జాతీయ కార్మిక సంస్థ మాత్రం 2010లో సవరించిన తన పట్టికలో మణికట్టు స్నాయువుల వాపును, మోచేతి నొప్పిని, మణికట్టు సొరంగపు జబ్బును, కంపనం వల్ల వచ్చే వ్యాధులను స్పష్టంగా చేర్చింది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు దొరికింది, సంతోషమే. ఆ కందిని కొడవలితో కోసే చేతికి, ఆ పక్కనే నాపరాయిని నునుపు చేసే చేతికి ఏ పట్టికలోనూ గుర్తింపు దొరకలేదు. 1923 చట్టం రాష్ట్ర ప్రభుత్వానికి ఒక అధికారం ఇచ్చింది: మూడు నెలల ముందు నోటీసు ప్రకటించి పట్టికకు కొత్త వృత్తులను, వాటి వ్యాధులను చేర్చవచ్చునని. తాండూరు రాతి పనివారి కోసం ఆ అధికారాన్ని వాడమని మన రచయితల సభల్లో ఒక్క తీర్మానమైనా నేను వినలేదు.

డాక్టరు దగ్గరికి పోతే విశ్రాంతి తీసుకోమంటాడు. వైద్యశాస్త్రం ప్రకారం అది సరైన సలహాయే. కాని ఆ మాట ఎవరితో అంటున్నాడు? ఇ.ఎస్.ఐ.లో పేరున్న కార్మికుడికి జబ్బు చేస్తే ఏడాదిలో 91 రోజుల దాకా కూలిలో నూటికి 70 వంతులు వస్తుంది. పేరుంటే. పది మంది లెక్క తేలని చిన్న యూనిట్లలో, సరిహద్దు అవతలినుంచి వచ్చి షెడ్డు పక్కనే గుడిసె వేసుకున్న కుటుంబాల్లో, రిజిస్టరు ముఖం చూడని వాళ్ళకు విశ్రాంతి అంటే అర్థం ఒక్కటే: పని పోవటం. అందువల్ల డాక్టరు చీటీ జేబులో పెట్టుకుని, నొప్పి బిళ్ళ మింగి, మర్నాడు మళ్ళీ పిడి పట్టుకుంటారు.

ప్రభుత్వోద్యోగి సంగతి వేరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇరవయ్యో సెక్షను ప్రకారం, ఉద్యోగంలో వుండగా వైకల్యం వచ్చిన వారిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదు, హోదా తగ్గించరాదు. వున్న పని చేయలేకపోతే అదే జీతం మీద మరో పనికి మార్చాలి. తగిన ఖాళీ లేకపోతే దొరికేదాకా అదనపు పోస్టు సృష్టించాలి. చూడండి, ఎంత స్పష్టంగా వుందో! అసాధ్యమని యజమానులు వాదించేదంతా ఒక సెక్షనులో సాధ్యమైంది. కాని ఇది ప్రభుత్వ సంస్థలకే. పైగా చెయ్యి పట్టేయటం ఆ చట్టం లెక్కలో వైకల్యం అనిపించుకోవాలంటే సర్టిఫికెట్టు దగ్గరే సగం జీవితం గడిచిపోతుంది.

ఇక్కడ తెలంగాణ ఆర్టీసీ డ్రైవరు ఒకరి కేసు చెప్పుకోదగినది. రంగులు గుర్తుపట్టలేడన్న వైద్య కారణం మీద అతణ్ణి ఉద్యోగంనుంచి దించేశారు. ఆ లోపం వికలాంగుల చట్టం పట్టికలో పేరు పెట్టి చెప్పినది కాదు. అయినా 2025లో సుప్రీంకోర్టు అతనికి వేరే తగిన ఉద్యోగం ఇవ్వాలని తీర్పు చెప్పింది. దేని ఆధారంగా? సంస్థకూ కార్మికులకూ మధ్య 1979లో కుదిరిన ఒప్పందం ఆధారంగా. అలాంటి డ్రైవర్లకు ప్రత్యామ్నాయ ఉద్యోగం ఇవ్వాలని ఆనాటి యూనియన్లు బేరం చేసి రాయించుకున్న ఒక్క షరతు నలభై అయిదేళ్ళ తర్వాత ఒక మనిషి ఉద్యోగాన్ని నిలబెట్టింది. పట్టిక చేయలేని పని ఒప్పందం చేసింది. ఈ కేసు మీద మనవాళ్ళెవరైనా కథ రాశారా? రాయరు. అందులో నెత్తురు లేదు.

అసలు చిక్కు ఇక్కడే వుంది. చట్టం తేదీ అడిగినట్టే మన కథ కూడా తేదీ అడుగుతుంది. గనిలో మందు పేలాలి, బండ దొర్లాలి, శవం లేవాలి, శవం చుట్టూ జనం చేరాలి, జెండా ఎగరాలి. ఇలాంటి కథలు మనకు కొల్లలు. వాటిలో మంచివీ వున్నాయి, కాదనను. కాని పదిహేనేళ్ళలో రోజుకు ఒక గోరంత చొప్పున పోయే చేతిని ఆ చట్రంలో ఇమడ్చలేము. దానికి పతాక సన్నివేశం లేదు. కార్మికుడు ప్రమాదంలో చస్తే మనకు నాయకుడు, చెయ్యి నొచ్చి ఇంటికి పోతే మనకు ఎవరూ కాడు. ఈ విషయంలో నష్టపరిహారం కమిషనరుకూ మన కథకుడికీ మధ్య తేడా నాకు కనిపించటం లేదు.

దీనికి తోడు ఓర్పును కీర్తించటం ఒకటి. నొప్పిని లెక్కచేయని వాడు, పంటి బిగువున పనిచేసేవాడు మన రచనల్లో ఆదర్శ కార్మికుడు. యజమానికి కూడా వాడే ఆదర్శ కార్మికుడు! ఈ ఏకాభిప్రాయం మనల్ని ఒక్కసారైనా ఉలిక్కిపడేట్టు చేసి వుండవలసింది. నిజామాబాదు, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళను గురించి రాసినప్పుడు వాళ్ళ వేళ్ళు మెరుపుల్లా కదులుతాయని వర్ణిస్తాం. ఆ మెరుపు వేగం కళ కాదు, వెయ్యి బీడీల లెక్క. వెయ్యి పూర్తి కానిదే కూలి లేదు, చెడ్డవని తీసి పారేసినవి పోను. రాష్ట్రం వచ్చిన తర్వాత బీడీ కార్మికులకు ఆసరా పింఛను వచ్చింది, మంచిదే. పింఛను వెయ్యి లెక్కను తొమ్మిది వందలు చేయలేదు. వేగాన్ని పొగిడే ప్రతి వాక్యమూ ఆ లెక్కకు వకాల్తా పుచ్చుకుంటుంది.

మధ్యతరగతి అన్న మాట నాకు కూడా తగులుతుంది గనుక నా సంగతి ఒకటి చెబుతాను. నా కుడి బొటనవేలి మొదట్లో కొన్నేళ్ళుగా నొప్పి. నల్లబల్ల మీద రాయటం, హాజరు రిజిస్టర్లు, పరీక్షల తర్వాత రోజుకు కట్టలకొద్దీ జవాబు పత్రాలు దిద్దటం, మార్కులు మళ్ళీ కంప్యూటరులోకి ఎక్కించటం. వెనుక నేను పనిచేసిన ఒక కాలేజీలో జీతం పీరియడు లెక్కన. బల్ల మీద రాయటం తగ్గించి నోటితో చెబుతానని అడిగితే, బల్ల మీద రాయగలిగిన వాళ్ళు చాలామంది బయట దరఖాస్తులు పట్టుకుని వున్నారని యాజమాన్యం మర్యాదగానే చెప్పింది. ఆ ఏడాదంతా మణికట్టు పట్టీ కనిపించకుండా పొడుగు చేతుల చొక్కాలు తొడిగాను. నేనూ రాతిపనివాడూ ఒకటేనని నా వాదం కాదు. నా పాఠం నోటితో చెప్పవచ్చు, అతని బండను నోటితో నునుపు చేయలేము. నాకు నెల గడిచేదాకా అప్పు పుడుతుంది, అతనికి వారం గడవదు. కాని అతని గుడ్డపీలికా నా పొడుగు చొక్కా దాస్తున్నది ఒక్కదానినే. పీరియడు లెక్క, అడుగు లెక్క, వెయ్యి లెక్క, హైదరాబాదులో గంటకు ఇన్ని అక్షరాలు కొట్టాలన్న లెక్క, ఇవన్నీ ఒకే లెక్క అని చెప్పటం దృక్పథాన్ని పలుచన చేయటమెలా అవుతుందో విమర్శకుడు గారే చెప్పాలి. వర్గాలను కలిపే దారం ఇంత కనిపించేట్టు వేరే చోట దొరకదు.

పరిహారం ఇచ్చి పంపించటం పరిష్కారమని మన వాళ్ళలోనే కొందరు నమ్ముతారు. పరిహారం కావలసిందే, పట్టికలో పేరు ఎక్కవలసిందే. కాని నలభై ఏళ్ళ మనిషికి కొంత డబ్బు చేతిలో పెట్టి ఇంటికి పంపితే ఆ డబ్బు రెండేళ్ళకు కరుగుతుంది. అతనికి కావలసింది నొచ్చే చేతితో కూడా నిలబడగలిగే ఉద్యోగం. ఇది ఆకాశంలోని చుక్క కాదు. పాలిషు మీద వున్న వాణ్ణి రెండు గంటలకు ఒకసారి మరో పనికి మార్చవచ్చు, కొలతలకో లెక్కలకో నీటి దగ్గరికో. మధ్యలో ఆగిన పావుగంటకు కూలి కట్టవచ్చు. పిడికి కుదుపును మింగే తొడుగు వేయవచ్చు. బండను ఎత్తటానికి పట్టుకొక్కెం, తోయటానికి బండి సమకూర్చవచ్చు. అన్నిటికంటె ముఖ్యం, అడుగుల రేటుకు కింద ఒక కనీస దినకూలి నిలబెట్టటం, నొప్పి చెప్పుకున్న వాణ్ణి తీసివేయరాదని ఒప్పందంలో రాయించటం. ఆర్టీసీ యూనియన్లు 1979లో రాయించినది ఇంతే. మన యూనియన్లు రేటు కోసం పోరాడుతాయి, వేగం కోసం పోరాడవు. రేటు పెరిగితే చెయ్యి ఇంకా వేగంగా ఆడుతుంది. ఆ సంగతి బేరం బల్ల దగ్గర ఎవరూ ఎత్తరు.

కొత్త మిషన్లు వస్తే సమస్య దానంతటదే పోతుందని మరికొందరు. బండ పట్టీ మీద సాగిపోతూ నునుపెక్కే మిషన్లు వున్నాయి, వస్తాయి కూడా. అవి వచ్చిన రోజున పది మందిలో ముగ్గురు మిగులుతారు. ఆ ముగ్గురిని ఏరేటప్పుడు ఎవరి చెయ్యి పట్టేసిందో యజమానికి ఆ పూట బాగా గుర్తుకొస్తుంది.

చివరగా యజమానుల వాదం ఒకటి వుంది, దానికి జవాబు చెప్పటం సులభం. ఇన్ని షరతులు పెడితే యూనిట్లు సరిహద్దు దాటి కర్ణాటకకు పోతాయని బెదిరిస్తారు. పోనీయండి. అవతల వున్నది ఇదే రాయి. అవతలినుంచి ఇక్కడికీ, ఇక్కడినుంచి అవతలికీ పనికి పోయేది ఇవే కుటుంబాలు. రెండు వైపులా మాట్లాడేది తెలుగూ కన్నడమూ ఉర్దూ కలిసిన ఒకే భాష. చెయ్యి గుంజుతుందని చెప్పుకునే మాట రెండు వైపులా ఒకటే. బేరం రెండు వైపులా ఒకేసారి మొదలు పెట్టటానికి అడ్డేమిటో, తాండూరులోనూ సేడంలోనూ యూనియన్ కార్డులు రాసే మిత్రులు చెప్పాలి.